అచ్చు బాగుంది, మోతాదే తప్పు

చదవడానికి వీలైన మందుల చీటీ రోగి ప్రాథమిక హక్కులో భాగమని 2025 ఆగస్టులో పంజాబ్, హర్యానా హైకోర్టు తేల్చింది. ఒక బెయిలు కేసులో దాఖలైన మెడికో లీగల్ రిపోర్టులో (కోర్టు కోసం డాక్టరు రాసే పరీక్ష నివేదికలో) ఒక్క ముక్క కూడా అర్థంకాక న్యాయమూర్తికి కలిగిన విసుగులోంచి పుట్టిన తీర్పు అది. మెడికల్ కాలేజీల్లో చేతిరాత నేర్పమన్నారు, రెండేళ్ళలో డిజిటల్ ప్రిస్క్రిప్షన్లకు మారమన్నారు, అంతదాకా క్యాపిటల్ అక్షరాల్లో రాయమన్నారు. మనవైపు ఈ గొడవ ఇంకా పాతది. నల్గొండ జిల్లా ఫార్మసిస్టు ఒకరు 2014లోనే ఉమ్మడి హైకోర్టుకు ఇదే విషయం మీద ప్రజాప్రయోజన వ్యాజ్యంతో వెళ్ళారు. 2016లో మెడికల్ కౌన్సిల్ కూడా జెనరిక్ పేర్లు అర్థమయ్యేలా, వీలైతే క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని నిబంధన పెట్టింది.

ఇదంతా మంచిదే. కానీ తీర్పు వచ్చాక జరిగిన చర్చంతా ఒకచోటే తిరుగుతోంది: కంప్యూటర్ వస్తే చీటీ చదవగలుగుతాం, చీటీ చదవగలిగితే మందు తప్పు జరగదు. పెద్దవాళ్ళ విషయంలో ఇందులో సగం నిజమైనా ఉంది. పిల్లల విషయంలో అంత కూడా లేదు. పిల్లల మందుల్లో ప్రాణం మీదకు తెచ్చేవాటిలో పెద్ద వాటా లెక్క తప్పులది. బరువు, యూనిట్, సీసాలో మందు ఎంత చిక్కగా ఉంది, రోజుకా డోసుకా అన్న నాలుగు చోట్ల ఆ లెక్క జారుతుంది. ఆ నాలుగింటినీ పట్టించుకోని సాఫ్ట్‌వేర్ కొంటే, ఇదివరకు గజిబిజిగా కనిపించిన తప్పు ఇకమీదట చక్కటి అచ్చులో కనిపిస్తుంది. అచ్చులో ఉన్నదాన్ని జనం ఎక్కువ నమ్ముతారు కూడా.

పది కిలోల పిల్లాడి లెక్క

అందరికీ తెలిసిన మందే తీసుకుందాం. పారాసెటమాల్ మోతాదు కిలోకు 15 మి.గ్రా. అనుకుంటే పది కిలోల పిల్లాడికి ఒక డోసు 150 మి.గ్రా. మన మందుల షాపుల్లో ఇది మూడు రూపాల్లో దొరుకుతుంది. 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉన్న సిరప్ (కొన్ని కంపెనీలది 120), 5 మి.లీ.కి 250 ఉన్న సిరప్ (కొన్నింటిలో 240), మి.లీ.కి 100 మి.గ్రా. ఉన్న డ్రాప్స్. అదే 150 మి.గ్రా. మొదటి సీసాలోంచి 6 మి.లీ., రెండోదాంట్లోంచి 3 మి.లీ., డ్రాప్స్‌లోంచి 1.5 మి.లీ.

ఇప్పుడు చీటీ మీద ‘సిరప్ పారాసెటమాల్ 6 మి.లీ.’ అని ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉందనుకోండి. షాపులో ఆ సిరప్ అయిపోయింది.

‘అది లేదమ్మా, ఇది ఉంది. మందు అదే, కంపెనీ వేరు.’

‘ఎంత పట్టమంటారన్నా?’

‘డాక్టరుగారు రాసిందే పట్టండి.’

ఇచ్చింది 250 సిరప్ అయితే పిల్లాడికి రెట్టింపు వెళ్ళింది. డ్రాప్స్ అయితే 600 మి.గ్రా., అంటే నాలుగు రెట్లు. అందరూ రాసింది రాసినట్టే చేశారు, చేతిరాత సమస్య ఎక్కడా లేదు. ఒక్క పొరపాటున నాలుగు రెట్లు వెళ్తే చాలామంది పిల్లలు తట్టుకుంటారు. జ్వరం తగ్గక మూడు రోజులు అలాగే పోస్తేనే కాలేయం మీదకు వస్తుంది.

అమెరికాలో ఉన్న మన తల్లిదండ్రులకు ఇదే ప్రమాదం ఇంకో దారిలో ఎదురవుతుంది. అక్కడ 2011 నుంచి కంపెనీలు పసిపిల్లల పారాసెటమాల్‌ను కూడా 5 మి.లీ.కి 160 మి.గ్రా. అనే ఒకే చిక్కదనానికి తెచ్చాయి. ఇండియా నుంచి అమ్మమ్మ సూట్‌కేసులో తెచ్చిన డ్రాప్స్ దానికి మూడు రెట్లు చిక్కన. అక్కడి డాక్టరు చెప్పిన మి.లీ. లెక్కన ఇక్కడి సీసా వంచితే మూడు రెట్లు పడుతుంది. ఈ పొరపాటును ఏ ఆసుపత్రి సాఫ్ట్‌వేరూ చూడలేదు.

కాబట్టి పిల్లల చీటీ మీద మి.గ్రా., మి.లీ., చిక్కదనం మూడూ ఒకే వరుసలో అచ్చవ్వాలి: ‘పారాసెటమాల్ సిరప్, 5 మి.లీ.కి 125 మి.గ్రా., ఒక డోసు 150 మి.గ్రా. అంటే 6 మి.లీ.’ ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ చీటీ సగమే రాసినట్టు. మన దగ్గర అమ్ముతున్న క్లినిక్ సాఫ్ట్‌వేర్లలో మందు పేరు పక్కన పెద్దవాళ్ళ మాత్రల కోసం చేసిన 1-0-1 గడి ఉంటుంది, కింద ‘సూచనలు’ అని ఖాళీ పెట్టె ఉంటుంది. పిల్లల డోసంతా ఆ ఖాళీ పెట్టెలో టైపు చేయాల్సి వస్తుంది. ఖాళీ పెట్టెలో టైపు చేసినదాన్ని యంత్రం లెక్కించదు, తనిఖీ చేయదు. అక్కడ కంప్యూటర్ టైపు మిషన్ పని చేస్తోంది, అంతే.

అంకెలు ఎక్కడ పడిపోయాయి, ఎక్కడ పడలేదు

ఈ అభిప్రాయానికి నా దగ్గరున్న బలమైన ఆధారం లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిది. అక్కడి కిడ్నీ ఓపీలో చేతిరాత చీటీల్లో 77.4 శాతం మందుల వరుసల్లో ఏదో ఒక తప్పు దొరికింది. ఎలక్ట్రానిక్ పద్ధతికి మారాక అది 4.8 శాతానికి పడిపోయింది. ఏ కంపెనీ సేల్స్‌మ్యాన్ అయినా మొదటి స్లైడులో పెట్టుకునే అంకె ఇది. అయితే చేతిరాత వరుసల్లో 73 శాతం పైన వాటిలో దొరికింది ‘ముఖ్యమైన వివరం రాయలేదు’ అన్న తప్పు, 12 శాతం చదవలేనివి. ఖాళీ గడి వదిలితే ముందుకు వెళ్ళనివ్వని యంత్రానికి వీటిని తుడిచేయడం పెద్ద పనేం కాదు. అదే ఆసుపత్రిలో డోసు తప్పులను మాత్రమే విడిగా లెక్కపెట్టి 2010లో ప్రచురించారు. అవి 2.2 శాతం నుంచి 1.2 శాతానికి తగ్గాయి. తగ్గడం నిజమే, కానీ సగానికే.

అమెరికాలో వాండర్‌బిల్ట్ పిల్లల ఐసీయూ లెక్కలూ ఇదే ఆకారంలో ఉంటాయి. వంద ఆర్డర్లకు (వార్డులో డాక్టరు రాసే మందుల సూచనలకు) 30 ఉన్న రాతతప్పులు 0.2కు పడిపోయాయి. హాని చేయగల తప్పులు మాత్రం 2.2 నుంచి 1.3కు వచ్చి ఆగాయి. కెనడాలో ఒక ఆసుపత్రి పిల్లల వార్డుల్లో తప్పులు 40 శాతం తగ్గినా, పిల్లలకు జరిగిన హానిలో తేడా కనిపించలేదు. అక్కడి సాఫ్ట్‌వేర్‌లో పిల్లల డోసు తనిఖీలు లేవు.

వీటన్నిటికంటే ముందుది బోస్టన్ అధ్యయనం. రెండు ఆసుపత్రుల్లో 10,778 మందుల ఆర్డర్లు చూస్తే 616 తప్పులు దొరికాయి. హాని చేయగలిగి తృటిలో తప్పినవి పెద్దవాళ్ళలో కంటే మూడు రెట్లు ఎక్కువ. 2001లో వచ్చిన ఈ పేపర్‌ను కంప్యూటర్ల కోసం వాదించేవాళ్ళంతా చూపిస్తారు, ఎందుకంటే అలాంటి తప్పుల్లో 93 శాతాన్ని కంప్యూటర్ ఆర్డరింగ్ ఆపగలిగేదని నిపుణులు అంచనా వేశారు. ఆ పక్కనే ఉన్న అంకెను ఎవరూ చదివి వినిపించరు. వార్డులో ఒక క్లినికల్ ఫార్మసిస్టు ఉంటే 94 శాతం ఆగేవని అదే నిపుణులు అన్నారు.

మన ఆసుపత్రులు సర్వర్‌కూ లైసెన్సుకూ డబ్బు పెడతాయి. వార్డు రౌండ్‌లో నడిచే ఫార్మసిస్టుకు జీతం అనేసరికి ‘అవసరమా’ అంటాయి. నా గొడవ ఇదే. యంత్రాన్ని కొనొద్దనడం లేదు. యంత్రానికి పిల్లల లెక్క నేర్పేదీ, నేర్పింది పాతబడకుండా చూసేదీ ఆ ఫార్మసిస్టే. ఆ మనిషి లేకుండా యంత్రాన్ని మాత్రమే కొంటున్నారు.

బరువు గడి

బరువు నింపకుండా పిల్లల ఆర్డరు వెళ్ళకూడదన్న నియమం చాలా చోట్ల ఉంది. దాంతో పని అయిపోయిందనుకుంటారు. గడి తప్పనిసరి చేస్తే గడి నిండుతుంది, త్రాసు మాత్రం కదలదు. ‘పది కిలోలుంటాడు సార్’ అని తండ్రి అంటాడు, 10 అని నింపుతారు. లేదా నాలుగు నెలల కిందటి అంగన్‌వాడీ కార్డు మీది అంకె ఎక్కిస్తారు. కొన్ని సాఫ్ట్‌వేర్లు వయసు నుంచి తామే బరువు లెక్కగట్టి గడిలో పెట్టేస్తాయి. వయసుకు నాలుగు కలిపి రెండుతో హెచ్చించే పాత సూత్రం ప్రకారం మూడేళ్ళ బిడ్డ 14 కిలోలుండాలి. తిండి చాలని మూడేళ్ళ బిడ్డ పదిన్నర కిలోలే ఉండొచ్చు. ప్రతి మందూ మూడో వంతు ఎక్కువ వెళ్తుంది, అదీ అందరికంటే బలహీనంగా ఉన్న బిడ్డకు.

పని చేసే బరువు గడిలో కొన్ని విషయాలు ఉంటాయి. అంకె పక్కన తూచిన తేదీ ఉంటుంది. తూచారా, అడిగి తెలుసుకున్నారా, అంచనానా అన్నది విడిగా నమోదవుతుంది. తేదీ పాతబడితే గడి దానంతటదే ఖాళీ అవుతుంది. నా లెక్కలో ఏడాదిలోపు పిల్లలకు ఓపీలో రెండు వారాలు, పెద్ద పిల్లలకు మూడు నెలలు, వార్డులో ఉన్న నవజాత శిశువుకు ఒక్క రోజు దాటితే పాతదే. పౌండ్ల గడి అసలు ఉండకూడదు. 22 పౌండ్ల బిడ్డ 22 కిలోలుగా ఎక్కితే ప్రతి మందూ రెండు రెట్లు దాటుతుంది. అమెరికాలో ఈ పొరపాటు ఎంత మామూలంటే అక్కడి మందుల భద్రతా సంస్థలు త్రాసులనే కిలోల్లో తప్ప చూపించకుండా మార్చమంటున్నాయి.

చుక్క సంగతి ఇంకోటి. 8.5 కొట్టబోయి 85 కొడతారు. ఆరు నెలల బిడ్డ 85 కిలోలు ఉండదని యంత్రానికి తెలియాలంటే పుట్టిన తేదీని ఎదుగుదల చార్టుతో పోల్చి చూడాలి. కిందటిసారి బరువుతో కూడా పోల్చాలి. ఇది రాయడం ప్రోగ్రామర్‌కు ఒక పూట పని. అయినా ఎన్నిచోట్ల ఉండదో!

నవజాత శిశువుల దగ్గర ఇంకో మెలిక. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ బరువు పది శాతం దాకా తగ్గి, రెండు వారాల్లోపు తిరిగి పుంజుకుంటుంది. అందుకని అంతదాకా చాలా యూనిట్లు పుట్టిన బరువుతోనే డోసు లెక్కిస్తాయి. ఒళ్ళు నీరుపట్టిన బిడ్డకూ ఈ రోజు త్రాసు చూపించేది డోసుకు పనికొచ్చే బరువు కాదు. కాబట్టి ‘ఈనాటి బరువు’, ‘డోసు బరువు’ వేర్వేరు గడులు కావాలి. ఒకే గడి ఉంటే సిస్టర్ రోజూ బరువు ఎక్కించినప్పుడల్లా లోపల మందుల లెక్క మారిపోతుంది, లేదా అది మారకూడదని సిస్టర్ బరువు ఎక్కించడమే మానేస్తుంది.

టెలిమెడిసిన్‌లో ఈ బరువు సమస్య ఇంకాస్త ఎక్కువ. ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో కాల్ కలిపే ముందు ఉపకేంద్రంలో బిడ్డను త్రాసు మీద పెట్టి, ఆ అంకె ఎక్కాకే కాల్ కలవాలి. తెరకు అవతలి డాక్టరు ఎంత అనుభవజ్ఞుడైనా వీడియోలో బిడ్డను తూచలేడు.

రక్షణ కోసం పెట్టిన నియమమే

యూనిట్ గురించి మాట్లాడేటప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 2013 జులైలో జరిగింది చెప్పకుండా ఉండలేం. ఆసుపత్రి వాళ్ళే బయటపెట్టుకున్న సంగతి కాబట్టి పేరు చెప్పి రాయొచ్చు.

పదహారేళ్ళ అబ్బాయి, బరువు 38.6 కిలోలు. చాలాకాలంగా వాడుతున్న కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రే, పూటకు ఒకటి. ఆ ఆసుపత్రిలో 40 కిలోల లోపు ఎవరికైనా మందును కిలో లెక్కన మాత్రమే ఆర్డరు చేయాలని నియమం. పిల్లల రక్షణకే పెట్టారు. డాక్టరు కిలోకు 5 మి.గ్రా. అని కొట్టింది, యంత్రం 193 అని లెక్కగట్టింది. దొరికే మాత్ర 160ది కాబట్టి దానికి సర్దింది. తేడా 5 శాతం దాటితే డాక్టరుతో మళ్ళీ రాయించుకోవాలని ఇంకో నియమం. అదీ రక్షణకే. ఫార్మసిస్టు ‘160 అని మళ్ళీ పెట్టండి’ అని కబురు పెట్టాడు. డాక్టరు 160 అని కొట్టింది. కానీ ఆ గడిలో యూనిట్ ముందే ‘కిలోకు మి.గ్రా.’ అని ఉంది. 160ని 38.6తో హెచ్చిస్తే 6,176 మి.గ్రా. అంటే ముప్పై ఎనిమిదిన్నర మాత్రలు.

యంత్రం హెచ్చరించింది. డాక్టరు మామూలుగా వచ్చే హెచ్చరికల్లో ఒకటనుకుని దాటేసింది. ఫార్మసిస్టుకూ హెచ్చరిక వచ్చింది, ఆయనా దాటేశాడు. రోబో తప్పు లేకుండా లెక్కపెట్టి పొట్లాలు కట్టింది. రాత్రి డ్యూటీ నర్సుకు అనుమానం వచ్చింది, అన్ని మాత్రలా అని. బార్‌కోడ్ స్కాన్ చేసింది, ఆర్డరు ప్రకారం సరిగ్గానే ఉందని తెర చెప్పింది. ఇచ్చేసింది. అబ్బాయికి ఫిట్స్ వచ్చాయి, ప్రాణం దక్కింది.

కాగితం మీద ముప్పై ఎనిమిదిన్నర మాత్రలు ఎవరూ రాయరు. రాసినా కింద కూర్చున్న ఫార్మసిస్టు నవ్వి ఫోన్ చేస్తాడు. ఇక్కడ ప్రతి మనిషీ తన ముందున్న మెట్టు దగ్గర యంత్రం చూసే ఉంటుందిలే అనుకున్నాడు. ఈ సంఘటన చూపించి కాగితమే నయం అనేవాళ్ళున్నారు. నేను అంత దూరం వెళ్ళను. నాకు ఇందులో తెలిసిందల్లా చిన్న విషయం: మామూలు డోసుకు ముప్పై తొమ్మిది రెట్లు దగ్గరున్నదానికీ, పది శాతం ఎక్కువున్నదానికీ ఒకే రంగులో, ఒకే పరిమాణంలో హెచ్చరిక పెట్టె రాకూడదు. పెద్దవాళ్ళ గరిష్ఠ డోసు దాటితే ఆర్డరు అక్కడే ఆగిపోవాలి, ‘సరే’ నొక్కితే పోయేలా ఉండకూడదు. యూనిట్ గడి ముందే నిండి ఉండకూడదు. ఫార్మసీలో ఒక డోసుకు నాలుగు మాత్రలు దాటినా, సిరప్ 20 మి.లీ. దాటినా మనిషి చేత్తో సంతకం పెట్టాలి.

రోజుకా, డోసుకా

ఇది అన్నిటికంటే మామూలు తప్పు, అన్నిటికంటే కష్టంగా దొరికే తప్పు. అమోక్సిసిలిన్ కిలోకు రోజుకు 40 మి.గ్రా. అని పుస్తకంలో ఉంటుంది. పది కిలోల బిడ్డకు రోజుకు 400, రెండుసార్లుగా పంచితే 200. పీజీ చదువుతున్న డాక్టరు హడావుడిలో 40ని డోసు గడిలో కొట్టి, పక్కన రోజుకు రెండుసార్లు అని ఎంచుకుంటే రెట్టింపు వెళ్తుంది. యంత్రం పట్టుకోదా? పట్టుకోదు. చెవిపోటు లాంటి కొన్ని ఇన్ఫెక్షన్లకు అదే మందు రోజుకు కిలోకు 80 నుంచి 90 దాకా ఇవ్వడం మామూలే. రెట్టింపైన తప్పు డోసు సరిగ్గా ఆ హద్దులోనే పడి కూర్చుంటుంది. అమోక్సిసిలిన్ కాబట్టి పెద్దగా ఏమీ కాదు. గుండె మందు డిజాక్సిన్ దగ్గర అలా కాదు. ఆరు కిలోల బిడ్డకు కిలోకు రోజుకు 10 మైక్రోగ్రాముల లెక్కన 60 మైక్రోగ్రాములు, పూటకు 30. మి.లీ.కి 0.05 మి.గ్రా. ఉన్న ద్రావణంలో అది 0.6 మి.లీ. 30 మైక్రోగ్రాములను మి.గ్రా.లోకి మార్చేటప్పుడు 0.03 బదులు 0.3 పడితే 6 మి.లీ. అవుతుంది. 6 మి.లీ. సిరప్ అంటే ఎవరి కంటికీ వింతగా కనిపించదు. అదే దీని ప్రమాదం.

రెండు మందులు కలిసిన సీసాలు ఇంకో తలనొప్పి. కోట్రైమోక్సజోల్ సిరప్ 5 మి.లీ.లో ట్రైమెథోప్రిమ్ 40, సల్ఫా 200 ఉంటాయి. డోసు లెక్కించేది ట్రైమెథోప్రిమ్ మీద. సాఫ్ట్‌వేర్ పట్టికలో ఎవరో రెండూ కూడి 240 అని ఎక్కించి ఉంటే, 40 మి.గ్రా. కావాల్సిన బిడ్డకు 5 మి.లీ. బదులు 0.8 మి.లీ. అని చూపిస్తుంది. బిడ్డకు ఆరో వంతు మందు అందుతుంది. తక్కువ డోసును తప్పుగా ఎవరూ చూడరు, ‘మందు పని చేయలేదు’ అనుకుని ఇంకా బలమైనది మొదలుపెడతారు. అమోక్సిసిలిన్-క్లావులనేట్ డ్రై సిరప్ మీద 228.5 అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అందులో డోసుకు లెక్కవేసేది 200 మాత్రమే.

సాఫ్ట్‌వేర్ కంపెనీ మందుల పట్టిక ఇస్తుందిగా అంటారు. ఇస్తుంది, బ్రాండ్ల పేర్లు వేలల్లో ఉంటాయి. ఒక్కో మందుకు వయసు వారీగా కిలో డోసు, ఒక డోసు గరిష్ఠం, రోజు గరిష్ఠం, ఏ భాగం మీద లెక్క, ఎంతకు సర్దాలి అన్న గడులు మాత్రం ఖాళీగా వస్తాయి. పిల్లల వార్డులో నిజంగా వాడేవి నూటయాభై మందులకు మించవు. వాటికి ఈ గడులు నింపడానికి ఒక ఫార్మసిస్టు, ఒక పిల్లల డాక్టరు కలిసి కూర్చుంటే రెండు నెలల పని. ఒకరు నింపింది ఇంకొకరు సరిచూడాలి, ఎందుకంటే ఇక్కడ జారిన ఒక్క చుక్క ఆ తర్వాత వచ్చే ప్రతి బిడ్డకూ వెళ్తుంది. చేతిరాతలో ఒక తప్పు ఒక బిడ్డకే పరిమితం, పట్టికలో తప్పు అలా కాదు.

వయసు నిషేధాలు కూడా అందులోనే. జ్వరం, నొప్పుల మందు నిమెసులైడ్‌ను 12 ఏళ్ళలోపు పిల్లలకు మన దేశంలో 2011లోనే నిషేధించారు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందులు నాలుగేళ్ళలోపు వాడొద్దని 2023 డిసెంబరులో ఔషధ నియంత్రణాధికారి ఆదేశమిచ్చారు. ఇలాంటివి గుర్తుపెట్టుకోవడం యంత్రానికి చాలా తేలిక, మనిషికి కష్టం. యంత్రానికి సరిగ్గా తగిన పని ఇది, కానీ ఎవరైనా ఎక్కిస్తేనే.

పిట్స్‌బర్గ్‌ను ఎలా దాటాలి

నా వాదనకు ఎదురుపడే గట్టి ప్రశ్న ఇంకోటుంది. తనిఖీలన్నీ పెట్టుకుంటూ పోతే పని నెమ్మదిస్తుంది, పిల్లల ఐసీయూలో నెమ్మది కూడా ప్రాణం తీస్తుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో 2002 అక్టోబరులో ఆరు రోజుల్లో ఆసుపత్రి అంతటా కంప్యూటర్ ఆర్డర్లు మొదలుపెట్టారు. వేరే ఆసుపత్రుల నుంచి తరలించిన పిల్లల్లో మరణాలు అంతకుముందు 2.8 శాతం ఉండగా, తర్వాత అయిదు నెలల్లో 6.57 శాతం అయ్యాయి. బిడ్డ వచ్చి పేరు నమోదయ్యేదాకా ఆర్డరు పెట్టనివ్వలేదు. ఇదివరకు అంబులెన్సు దారిలో ఉండగానే మందులు సిద్ధమయ్యేవి. ఐసీయూలో చేతికందేచోట ఉన్న మందులను కేంద్ర ఫార్మసీకి తరలించారు. ఒక్క ఆర్డరుకు పది క్లిక్కులు, ఒకటి రెండు నిమిషాలు. మంచం పక్కన ఉండాల్సిన డాక్టరు తెర ముందు ఉన్నాడు.

మరణాలు పెరగడానికి సాఫ్ట్‌వేరే కారణమని ఆ అధ్యయనం రుజువు చేయలేదు. ముందు 13 నెలలు, తర్వాత 5 నెలలు, కాలాలు వేరు. ఆ మాట ఒప్పుకుంటూనే, అక్కడ పని తీరు చెడిందన్నది మాత్రం కొట్టిపారేయలేను. ఎందుకంటే సియాటిల్ పిల్లల ఆసుపత్రి అదే కంపెనీ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంది, మరణాలు పెరగలేదు. వాళ్ళు షాక్, ఫిట్స్, శ్వాస ఆగడం లాంటివాటికి ఆర్డర్ల సెట్లు ముందే తయారుచేసి పెట్టుకున్నారు. స్టాన్‌ఫర్డ్ పిల్లల ఆసుపత్రిలో కంప్యూటర్ ఆర్డర్లు వచ్చాక నెలవారీ మరణాల రేటు 20 శాతం తగ్గినట్టు 2010లో రాశారు. యంత్రం ఒకటే, చుట్టూ పని అమర్చుకున్న తీరు వేరు.

హెచ్చరికల విషయం కూడా ఇంతే. పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే డాక్టర్లు హెచ్చరికల్లో 49 నుంచి 96 శాతం దాకా దాటేస్తారు. అది డాక్టర్ల నిర్లక్ష్యమని నేననుకోను. రోజుకు వందసార్లు ‘తోడేలొచ్చె’ అని అరిచే యంత్రం మాట ఎవరు వింటారు? ఆర్డరు ఆపేసేవి అయిదారుకు మించకూడదు: బరువు లేదు లేదా పాతది, పెద్దవాళ్ళ గరిష్ఠం దాటింది, కిలో హద్దుకు మూడు రెట్లు దాటింది, ఆ వయసుకు నిషేధం, నమోదైన అలర్జీ, నవజాత శిశువుకు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌తో కాల్షియం. మిగతావన్నీ పక్కన చిన్న అక్షరాల్లో ఉంటే చాలు. ప్రతి నెలా ఫార్మసిస్టు ఏ హెచ్చరికను ఎంతమంది దాటేశారో చూడాలి. వందలో తొంభైఅయిదు సార్లు దాటేసినదాన్ని తీసేయాలి. తీసేయడానికే మన దగ్గర ఎవరికీ ధైర్యం ఉండదు.

తెర వెలుపల

డాక్టరు ఆర్డరు సరిగ్గా ఉన్నా మిగతా దారంతా ఉంది. 2006లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో నెలలు నిండని శిశువులకు మి.లీ.కి 10 యూనిట్ల హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) పెట్టాల్సిన అరలో 10,000 యూనిట్ల వయల్స్ పెట్టారు. ఆర్డర్లలో తప్పు లేదు. ఆరుగురు శిశువులకు అది వెళ్ళింది, ముగ్గురు చనిపోయారు. మన వార్డుల్లో దీనికి దగ్గరి చుట్టం జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్. రెండు కిలోల శిశువుకు 10 మి.గ్రా. కావాలి. పిల్లల వయల్‌లో మి.లీ.కి 10, పెద్దల వయల్‌లో 40. తెర మీద 10 మి.గ్రా. అని ఉంటే సిస్టర్ అలవాటుగా 1 మి.లీ. తీస్తుంది. ఆ రోజు స్టోర్ నుంచి వచ్చింది 80 మి.గ్రా. వయల్ అయితే నాలుగు రెట్లు. అందుకే ఆర్డరుతోపాటు ‘మి.లీ.కి 40 వయల్‌లోంచి 1 మి.లీ. తీసి, సెలైన్‌తో 4 మి.లీ. చేసి, అందులోంచి 1 మి.లీ.’ అని కలిపే పద్ధతి కూడా అచ్చవ్వాలి, స్టోర్‌లో ఈ వారం ఉన్న వయల్‌ను బట్టి.

ఇంటికి వెళ్ళే చీటీలో తెలుగు ఉండాలని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. మంచిదే, అయితే ఇంగ్లీషు సూచనను యంత్రం మాటకు మాట తిప్పితే ‘6 గంటలకు ఒకసారి’ అని వస్తుంది. సాయంత్రం ఆరింటికి ఒక్కసారి పట్టాలని చదివే తల్లి తప్పు చదివినట్టా? ‘పూటకు 5 మి.లీ.’ అన్నా ఒకరికి రెండు పూటలు, ఒకరికి మూడు. ఉదయం 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి 12 అని గడియారం అచ్చు వేస్తే గొడవ లేదు. చెంచా అన్న మాటే ఉండకూడదు. మన ఇళ్ళలో ఒక చెంచా 3 మి.లీ. పడితే ఇంకోటి 7 పడుతుంది. గీతలున్న సిరంజి ఒకటి సీసాతోపాటు ఇచ్చి, ఎంతదాకా లాగాలో స్కెచ్ పెన్నుతో గీత గీసి పంపితే దానికి మించిన సాఫ్ట్‌వేర్ లేదు.

ఒకే డాక్టరు, ఒకే కాంపౌండరు ఉన్న క్లినిక్ ఇదంతా ఎలా చేస్తుందని అడగొచ్చు. చేయలేదు, చేయనక్కరలేదు కూడా. అక్కడ మంచి త్రాసు, గోడ మీద ముప్పై మందుల కిలో డోసు చార్టు, బరువూ మి.గ్రా. మి.లీ. చిక్కదనాల గడులూ ముందే అచ్చేసిన లెటర్‌ప్యాడ్ చాలు. అవి లేకుండా కొన్న టాబ్లెట్ కంటే అవే నయం.

ఆసుపత్రి కోసం కొనేవాళ్ళు మాత్రం డెమోకు వచ్చినవాళ్ళను వాళ్ళ స్లైడులు చూపించనివ్వకుండా మనం కీబోర్డు తీసుకోవాలి. ఏడు నెలల బిడ్డ బరువు 85 అని కొట్టి చూడండి. బరువు ఖాళీగా వదిలి పారాసెటమాల్ పెట్టి చూడండి. 80 కిలోల పద్నాలుగేళ్ళ పిల్లాడికి కిలోకు 15 కొట్టండి, 1,200 అని చూపిస్తుందా, 1,000 దగ్గర ఆగుతుందా చూడండి. కోట్రైమోక్సజోల్‌ను 40 మి.గ్రా. అని పెట్టి ఎన్ని మి.లీ. చూపిస్తుందో చూడండి. అయిదేళ్ళ బిడ్డకు నిమెసులైడ్ కొట్టండి. ఈ అయిదింటికీ ఏదో ఒక జవాబు చెబుతారు, ‘వచ్చే వెర్షన్‌లో వస్తుంది సార్’ అంటారు. ఆ తర్వాత ఇది అడగండి: మా స్టోర్‌లో 125 సిరప్ ఆగిపోయి రేపటినుంచి 250 వస్తే, పట్టికలో అది ఎవరు మారుస్తారు, ఎంతసేపట్లో? ‘టికెట్ పెట్టండి సార్, మా టీమ్ చూస్తుంది’ అన్నది జవాబైతే, ఆ ఎంతసేపు అన్నది కూడా గంటల్లో కాగితం మీద రాయించుకోండి.